ఆగేటప్పుడు తన్నే మోటరు

మా మామ పోయిన కబురు మధ్యాహ్నం కరెంటు పోయిన వేళ వచ్చింది.

మరమగ్గాలను మా దిక్కు సాంచాలు అంటాం. సాంచాల ఊళ్ళో పుట్టినవాళ్ళకు ఆ వేళ ఎట్లా ఉంటుందో తెలుసు. పొద్దున లేచినప్పటి నుంచి చెవుల్లో టకటకలాడే చప్పుడు ఒక్క క్షణంలో ఊరంతా ఆగిపోతుంది. ఎవరో ఊరి నోటిని అరచేత్తో మూసినట్టు ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఎస్టీడీ బూతు నడిపే అన్న మా గడప ముందుకు వచ్చి చెప్పులు విడిచాడు. లోపలికి రాని మనిషి చెప్పులు ఎందుకు విడిచాడో నాకు అర్థమైంది.

"చెల్లె, కరీంనగర్ దవాఖాన నుంచి మీ ఆయన ఫోన్ జేసిండు. మీ మామ పోయిండట. సాయంత్రానికి తీస్కొస్తున్నరట" అన్నాడు.

తల ఊపాను. నా వెనక రేకుల షెడ్డులో నూలు చుట్టే పెద్ద డ్రమ్ము, కరెంటు పోయినా, ఉన్న ఊపుకు మెల్లగా తిరుగుతూనే ఉంది. అన్న వెళ్ళిపోయాక కూడా ఇంకో చుట్టు తిరిగి, అప్పుడు ఆగింది.

పెళ్ళయి నాలుగేళ్ళు ఆయన ఇంట్లో ఉన్నాను. ఆయన తిన్న ప్రతి ముద్ద నేను వండిందే. కానీ ఆయన బతికుండగా ఒక్కసారి కూడా "మామా" అని పిలవలేదు. ఇదంతా రాస్తున్నది అందుకే.

మా అవ్వ నన్ను అత్తగారింటికి పంపేటప్పుడు ఒకటే మాట చెప్పింది: "మామ ముంగట నోరు లేవద్దు బిడ్డా." అత్త ఉన్న ఇల్లయితే మామ మాట అత్త నోటి నుంచి కోడలికి, కోడలి మాట అత్త నోటి నుంచి మామకు చేరుతుంది. నేను వచ్చేసరికే మా అత్త లేదు. మా ఆయన పొద్దంతా బయటే. మిగిలింది మేమిద్దరం, మధ్యన షెడ్డు తలుపుకు వేలాడే ఒక పాత చీర పరదా. పరదాకు ఇవతల వంటిల్లు. అవతల ముందు భాగంలో మామ కాలిన మోటర్లు విప్పి మళ్ళీ చుట్టే జాగా, వెనక భాగంలో నూలు డ్రమ్ము.

మొదటి వారం ఇద్దరం మూగవాళ్ళలాగే గడిపాం. ఎనిమిదో రోజు పరదా అవతల నుంచి మామ గొంతు వినిపించింది.

"ఓ మోటరూ, ఇంట్ల చాయ్ అయ్యిందో లేదో జర అడుగు."

ఎవరైనా వచ్చారేమో అనుకొని సందులోంచి చూశాను. ఎవరూ లేరు. బల్ల మీద సగం విప్పిన మోటరు ముందు కూర్చొని దాంతోనే మాట్లాడుతున్నాడు. నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. తలుపు చెక్క మీద వేలితో ఒక్కసారి కొట్టాను. అయ్యిందని.

"అయ్యిందట" అన్నాడు మోటరుతో, తృప్తిగా.

అప్పటి నుంచి అదే మా పద్ధతి. ఒక్క దెబ్బ అంటే అవును, రెండు దెబ్బలంటే కాదు. "ఓ మోటరూ, కూరల కారం జర తక్వ ఎయ్యుమను. నా కడుపు నీ కడుపు లెక్క ఇనుముది గాదు." "ఓ మోటరూ, కోడలు పిల్ల పొద్దటి నుంచి దగ్గుతున్నది, మిర్యాల చారు పెట్టుకొమ్మని చెప్పు." అప్పుడప్పుడు చివర్న ఒక మాట కలిపేవాడు: "ఒక్కపారి మామా అని పిలువుమను. నేనేం కొరుకుత?" దానికి నేను ఒక్క దెబ్బా కొట్టేదాన్ని కాదు, రెండూ కొట్టేదాన్ని కాదు.

ఎవరైనా కాలిన మోటరు తెస్తే ఆయన వెంటనే విప్పేవాడు కాదు, ముందు వాసన చూసేవాడు. కళ్ళు మూసుకొని, ముక్కు దగ్గరగా పెట్టి, అది ఎట్లా చచ్చిందో చెప్పేవాడు. "మూడు తీగెలల్ల ఒక తీగె తెగింది. మిగిలిన రెండు మోసి మోసి సచ్చినయ్." ఇంకోదానికి: "ఇది ఆకలి సావు. కరెంటు సన్నగ వచ్చింది." తెచ్చిన వాళ్ళు మొహమొహాలు చూసుకునేవాళ్ళు. తర్వాత స్క్రూడ్రైవర్ మొన మోటరుకు ఆనించి, పిడి చెవికి ఆనించుకొని చాలాసేపు వినేవాడు. తిరగని మోటరులో ఏముంటుంది వినటానికి? అడగాలని ఎన్నోసార్లు అనిపించింది. మధ్యాహ్నాలు కరెంటు పోయి ఊరు మూగబోయినప్పుడు ఆయన వేలు పైకెత్తి, "ఇంక ఆగలే. ఇను" అనేవాడు. నేను పరదా ఇవతల ఊపిరి బిగబట్టి వినేదాన్ని. నాకు ఏమీ వినిపించేది కాదు. ఆయనకు వినిపిస్తోందని మాత్రం ఆయన మొహం చూస్తే తెలిసేది.

మా ఆయన పాలిటెక్నిక్ చదివాడు. సాంచాలకు ఎక్కే పొడుగు పోగులను ముందు చెక్క బద్దల డ్రమ్ము మీద చుట్టాలి. ఎన్ని చుట్లయ్యాయో లెక్క తప్పితే గుడ్డ మధ్యలో పోగు అయిపోతుంది, పని మళ్ళీ మొదటికి. ఆ చుట్లు నేను లెక్కబెట్టేదాన్ని, వందకొక చింతగింజ పక్కన పెట్టి. నేను డ్రమ్ము దగ్గర ఉన్నంతసేపు మామ తన పని బయటి అరుగు మీదికి మార్చుకునేవాడు. మా ఆయనకు అది చూస్తే మండేది. చుట్లు తనే లెక్కబెట్టి, సరిపోగానే మోటరును ఆపేసే సర్క్యూట్ కార్డు ఒకటి తయారు చేశాడు. అందులో మెదడు లాంటిది ఒక చిప్పు. నల్లగా, పొడుగ్గా, ఇరుపక్కలా నలభై కాళ్ళు. మామ దాన్ని చూసి, "అరె, గిది జెర్రిరా" అన్నాడు. మా ఇంట్లో దాని పేరు జెర్రే అయింది. హైదరాబాదు నుంచి మూడు తెచ్చాడు. డ్రమ్ముకు మామూలు మోటరు పనికిరాదని, బ్యాటరీతో తిరిగే రకం పాత మోటరు ఒకటి మామే కాగజ్‌నగర్ దిక్కు తుక్కు బజారులో వెతికి తెచ్చాడు.

మొదటి జెర్రి రెండో రోజే చచ్చింది. రెండోది వారం బతికింది.

మామ రెండింటినీ అరచేతిలో పెట్టుకొని వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. ఆయన మొహంలో అట్లాంటి కలవరం నేను అంతకుముందు చూడలేదు.

"కాలిన వాసన లేదు. మచ్చ లేదు. ఎట్ల సచ్చిందో చెప్తలేదురా ఇది" అన్నాడు. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

మా ఆయనకు మాత్రం అనుమానం లేదు. "మోటరు షురువయ్యేటప్పుడు ఒక్కసారే కరెంటు గుంజుతది బాపు. ఆ బరువుకు పోతున్నది" అని లావు తీగలు వేశాడు, ఫ్యూజు మార్చాడు. ఎందుకంటే ప్రతిసారీ ఆయన వచ్చి మీట నొక్కినప్పుడే కార్డు పలకకుండా ఉండేది. కానీ ఆయన వచ్చేసరికి అది అప్పటికే చచ్చి ఉండేదని నాకు తెలుసు. డ్రమ్ము దగ్గర రోజంతా కూర్చునేది నేనే కదా. లెక్క పూర్తయి మోటరు ఆగగానే కిటికీలో ఉన్న ట్రాన్సిస్టర్ రేడియో "ఫట్" మనేది. ప్రతిసారీ, ఆగిన ప్రతిసారీ. ఆ రెండు జెర్రులు చచ్చిన రోజుల్లో ఆ ఫట్ తర్వాత కార్డు మీది అంకెలన్నీ ఎనిమిదులైపోయి, వణికి, ఆరిపోయాయి. ఏదో కళ్ళు తేలేసినట్టు.

మొదటిది చచ్చాకే ఒక పొద్దున అన్నం పెడుతూ మా ఆయనకు చెప్పాను. "ఆగినంక ఏముంటది? ఆగితే కరెంటే లేదు. రేడియో ముచ్చట నాకు జెప్తున్నవా?" అని నవ్వాడు. చెబితే అర్థం చేసుకోగల మనిషి పరదా అవతలే ఉన్నాడు. ఆయనకు చెప్పాలంటే నోరు తెరవాలి. నేను తెరవలేదు. రెండో జెర్రి చావుకు సగం కారణం నేనే.

మూడోదాన్ని కార్డులో పెట్టే రోజున మా ఆయన సంచి సర్దుకొని గోడకు ఆనించాడు.

"గిది గూడ పోతే భీవండికి పోత బాపు. అక్కడ సాంచ నడుపుకుంట బతుకుత. గీ పిచ్చి ఇగ చాలు."

మా ఊరి నుంచి భీవండి పోయినవాళ్ళు పండుగకో పబ్బానికో వస్తారు, ఒక్కోసారి రారు. నేను పరదా వెనక నిలబడ్డాను. మా ఆయన వేలు మీట మీదికి పోయింది. ఇప్పుడు నోరు తెరవకపోతే ఇంక ఎప్పుడూ తెరవను అనిపించింది. తెరిచాను. కానీ మామను పిలవలేకపోయాను.

"ఓ మోటరూ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నువ్వు షురువయ్యేటప్పుడు ఏం జేస్తలెవ్వు. ఆగేటప్పుడు తంతున్నవు. రేడియోకు ఇనవడుతున్నది. నాకు ఇనవడుతున్నది. చెప్పరాదు మరి వాళ్ళకు."

మామ నవ్వటం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది.

"ఇన్నవారా కొడుకా? పాలిటెక్నిక్ నీది, చెవులు ఆ పిల్లవి. ఆ మీట మీదికెళ్ళి చెయ్యి తియ్యి."

ఒక తీగ చుట్టను తెచ్చి మా ఆయన రెండు చేతులకూ రెండు కొసలూ పట్టించాడు. అవే కొసలకు టార్చిలైటు సెల్లు ఒకటి ఆనించాడు. "ఏమన్న అయితున్నదా?" ఏమీ కావట్లేదన్నాడు మా ఆయన. "ఇప్పుడు?" అంటూ సెల్లు తీసేశాడు.

"ఓరి బాపో!" అని మా ఆయన ఎగిరి గంతేశాడు. నేను పరదా నోట్లో కుక్కుకొని నవ్వాను.

"సెల్లు ఉన్నప్పుడు కొట్టలే. తీసినంక కొట్టింది. అర్థమైందా?" మామ గొంతు మెల్లబడింది. "తీగె చుట్టల కరెంటు పారినంక ఇగ దానికి అలవాటైతది. నువ్వు ఆపినవ్ గని అది ఆగది. బయటికి పోనీకి తొవ్వ దేవులాడుతది. తొవ్వ లేదనుకో, ఉన్నోళ్ళ మీద వడ్తది. మీ జెర్రి మీద వడ్డది. అందుకే వాసన లేదు, మచ్చ లేదు. పోయేది కొట్టిన దెబ్బరా అది."

పరదా ఇవతల ఆ మాటను నాలో నేను మళ్ళీ ఒకసారి అనుకున్నాను.

తర్వాతిది మా ఆయనకు తెలిసిన విద్యే. కరెంటును ఒక్క దిక్కే పోనిచ్చే డయోడు అనే చిన్న నల్ల గింజను మోటరు రెండు కొసల మధ్య ఉల్టాగా కలపాలి. మోటరు తిరిగేటప్పుడు అది అడ్డం రాదు. ఆగినప్పుడు మాత్రం లోపల మిగిలినదానికి తొవ్వ ఇస్తుంది, పోవటానికి దారి. అది మోటరులోనే చుట్టూ తిరిగి తిరిగి, ఎవరినీ తాకకుండా అణిగిపోతుంది. మామ ఒకటి చాలదని మూడు వరుసగా పెట్టించి, వాటి పక్కన ఒక చిన్న ఎర్ర దీపం పెట్టుమన్నాడు.

"దీపం ఎందుకు బాపు? దండుగ."

"పోయేటిది పోతున్నదని మనకు ఎర్క కావాలె. చూడకుండ సాగనంపుతరారా ఎవలన్న?"

ఆ తర్వాత మా ఆయన హైదరాబాదు నుంచి ఆరు కాళ్ళ బిళ్ళ ఒకటి తెచ్చాడు. దాని లోపల ఒక పక్క చిన్న దీపం, ఇంకో పక్క ఆ దీపాన్ని చూసే కన్ను. జెర్రికీ మోటరుకూ మధ్య ఇంక తీగ లేదు. జెర్రి ఇటు పక్క దీపం వెలిగిస్తే, అటు పక్క కన్ను చూసి మోటరును తిప్పుతుంది. ఒకదాన్నొకటి తాకవు. మామ దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, పరదా దిక్కు మొహం పెట్టి, "ఓ మోటరూ, గిది మా కోడలు లెక్కనే ఉన్నది. ఎదురుపడది, ముచ్చట మాత్రం దాటిస్తది" అన్నాడు.

మూడో జెర్రి చావలేదు. ఇప్పటికీ అదే ఉంది. గోడకు ఆనించిన సంచిలోంచి బట్టలు నేనే తీసి దండెం మీద వేశాను. మా ఆయన ఇప్పుడు చుట్టుపక్కల డ్రమ్ములకు కూడా కార్డులు పెడుతున్నాడు. ప్రతి కార్డులో మూడు డయోడ్లూ ఒక ఎర్ర దీపం. అడిగినవాళ్ళకు, "మా బాపు పద్ధతి" అంటాడు.

డ్రమ్ము ఆగిన ప్రతిసారీ ఆ దీపం రెప్పపాటు మిణుక్కుమంటుంది. రేడియో ఫట్‌మనటం మానేసింది. ఒకరోజు కరెంటు లేనప్పుడు మామ, "ఓ మోటరూ, డ్రమ్మును చేత్తోని ముందుకు తిప్పుమను" అన్నాడు. ఆయన బయటి అరుగు మీదికి పోయాక నేను లోపలికి వచ్చి తిప్పాను. సులువుగా తిరిగింది. "ఇప్పుడు ఎనుకకు" అని అరుగు మీది నుంచి వినిపించింది. వెనక్కి తిప్పాను. కొంచెం తిరిగేసరికి అవతల ఎవరో పట్టుకొని లాగుతున్నట్టు బరువెక్కింది. దీపం వెలిగింది. కరెంటు లేని కార్డు పెట్టెలో, ఎర్రగా, నేను తిప్పినంతసేపూ. దడుసుకొని చేయి తీసేశాను.

"ఎలిగిందా? భయపడకుమను. మోటరును తిప్పితే అదే కరెంటు పుట్టిస్తది. ముందుకు తిప్పితే ఆ తొవ్వ మూసుకుంటది, ఎనుకకు తిప్పితే తెరుసుకుంటది. కరెంటు లేనప్పుడు గా దీపం ఎలిగిందంటే డ్రమ్మును ఎవలో ఎనుకకు తిప్పుతున్నట్టు."

తలుపు చెక్క మీద ఒక్క దెబ్బ కొట్టాను. అర్థమైందని.

పోయిన చలికాలం నుంచి మామకు దగ్గు ముదిరింది. మోటర్ల చుట్టలకు పూసే వార్నిష్ పొగను ఏళ్ళ తరబడి పీల్చిన ఊపిరితిత్తులు. కరీంనగర్ తీసుకుపోయే రోజు వాకిట్లో జీపు ఆగింది. మా ఆయన పట్టుకుంటే లేచి, బల్ల మీది మోటరు మీద చేయి వేశాడు. "నేనొచ్చేదాక పిల్లను జూస్కో" అన్నాడు దాంతో. తర్వాత పరదా దిక్కు చూశాడు. ఎప్పటిలా వెంటనే చూపు తిప్పుకోలేదు. ఏమీ అడగలేదు కూడా. నేను పరదా పక్కకు జరిపి గడప మీదికి వచ్చాను. నోరు తెరిచాను. మాట గొంతు దాటలేదు. జీపు పోయింది.

కబురు వచ్చిన రోజు సాయంత్రం మామను తెచ్చి షెడ్డులోనే, డ్రమ్ము పక్కన పడుకోబెట్టారు. అన్నీ జరిగాక మా దిక్కు ఆనవాయితీ ప్రకారం ఆ జాగాలో నేల మీద సన్నగా జొన్నపిండి చల్లి, మీద గంప బోర్లించారు. పోయినవాళ్ళు ఒక్కసారి వచ్చి, గుర్తు వేసి, తమ తొవ్వన తాము పోతారంటారు. పిట్ట కాలు, పిల్లి కాలు, పాము జాడ, ఏదో ఒకటి ఉంటుందట. పొద్దున్నే గంప ఎత్తారు. పిండి చల్లింది చల్లినట్టే ఉంది. గీత కూడా లేదు.

మామకు అక్క వరసయ్యే ముసలామె, మేము పెద్దత్త అంటాం, ఆ పిండిని చాలాసేపు చూసింది. "తొవ్వ దొర్కనట్టున్నది మా తమ్మునికి" అంది. "ఏమన్న ఆశ మిగిలిందా బిడ్డా?"

అందరూ మా ఆయన వైపు చూశారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

పదకొండు రోజులూ అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయారు. పన్నెండో రోజు మా ఆయన అరుగు మీద కూర్చొని కార్డుకు తీగలు అతికించుకుంటున్నాడు. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఊరి నోరు మూసుకుంది. నేను పరదా జరిపి షెడ్డులోకి వెళ్ళాను. కబురు వచ్చిన రోజే డ్రమ్ము ప్లగ్గు పీకేశాం. మీద ఒక్క పోగు లేదు. మామ బల్ల మీద సగం చుట్టిన మోటరు అట్లాగే ఉంది. స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకొని, మొన దానికి ఆనించాను. ఆయన వినేది ఏమిటో విందామని. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత కూడా ఏమీ లేదు.

ఎవరూ లేరు. సిగ్గుపడటానికి ఎవరూ లేరు.

"మామా" అన్నాను.

డ్రమ్ము కిర్రుమంది. బద్దలు ఒకటొకటిగా పైకి లేచాయి. వెనక్కి. ఎవరో చెయ్యేసి ఓపిగ్గా తిప్పినట్టు. కాసేపటికి బరువెక్కినట్టయి నెమ్మదించింది. పెట్టెలో ఎర్ర దీపం వెలిగింది. మిణుక్కుమని ఆరిపోలేదు. మెల్లగా ఎక్కి, నిలిచి, మెల్లగా తగ్గింది.

నేను అరిచానో లేదో తెలియదు. మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. చెప్పాను. ఆయన ప్లగ్గు చూశాడు, డ్రమ్మును తిప్పే పట్టా చూశాడు, వంగి బేరింగులు చూశాడు. "ఎండకు బద్దలు ఎండినయ్. ఒక పక్క బరువెక్కి దానంతట అదే జారి ఉంటది" అన్నాడు. అయి ఉండొచ్చు. ఆయన చదివినవాడు.

తర్వాత అడిగాడు: "ఎంతసేపు ఎలిగింది?"

"మామా అని పిలిస్తే, ఓ అని పలికేటంతసేపు" అన్నాను.

ఆయన డ్రమ్ము మీద చేయి పెట్టి ముందుకు తిప్పాడు. సులువుగా తిరిగింది. దీపం వెలగలేదు. చేయి తీయకుండా నా వైపు చూశాడు. నేనూ పక్కన చేయి వేశాను. అట్లాగే నిలబడ్డాం, కరెంటు వచ్చి ఊళ్ళో సాంచాలన్నీ ఒక్కసారి మొదలయ్యేదాకా. వెనక్కి తిప్పటానికి మాత్రం ఇద్దరిలో ఎవరికీ చెయ్యి రాలేదు.